మిడి పెట్టె కొనబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ఫొటో చూశాను. నా పాత కీబోర్డు నీ గదిలో బల్ల మీద కనపడటం సంతోషం. దాని మీద టీ గ్లాసు కనపడటం మాత్రం సంతోషం కాదు. ముందు ఆ గ్లాసు తీసి, తర్వాత ఈ ఉత్తరం చదువు.

కీబోర్డు మీద వాయించింది కంప్యూటర్‌కు చేరవేసే మిడి ఇంటర్‌ఫేస్, అదీ ఎనిమిది పోర్టులది, కొంటానన్నావు. ఎందుకురా? నీకున్నది ఒక కీబోర్డు, ఒక ల్యాప్‌టాప్. ఒక ఇన్, ఒక అవుట్ ఉన్న చిన్నది చాలు. ఒక్క పోర్టులోనే 16 చానళ్ళు, అంటే పదహారు వాయిద్యాలకు విడివిడి దారులు, పడతాయి. రేపు ఇంకో వాయిద్యం కొనుక్కుంటే అప్పుడు చూసుకుందాం. నీ స్నేహితుడి కొత్త కీబోర్డుకు వెనక యూఎస్‌బీ ఉందన్నావు కదా, అతనికి ఈ పెట్టెతో అసలు పనే లేదు. మామూలు ప్రింటరు కేబుల్‌తో సరిపోతుంది. నా కీబోర్డుకు ఉన్నవి అయిదు పిన్నుల గుండ్రటి సాకెట్లే కాబట్టి నీకు ఈ ఖర్చు తప్పదు.

ఆ సాకెట్‌ను చిన్నచూపు చూడకు. 1983 జనవరిలో, అమెరికాలో జరిగిన నామ్ అనే సంగీత వాయిద్యాల ప్రదర్శనలో ప్రాఫెట్-600, జూపిటర్-6 అనే రెండు సింథసైజర్లను ఒక కేబుల్‌తో కలిపి, ఒకదాని మీద వాయిస్తే రెండోది పలుకుతుందని చూపించారు. అవి రెండూ పోటీ కంపెనీల సరుకు. నేటికీ ఆ సాకెట్‌లో అదే వేగం: సెకనుకు 31,250 బిట్లు. అందులో శబ్దం వెళ్ళదు, కబుర్లే వెళతాయి. ఏ మెట్టు నొక్కావు, ఎంత గట్టిగా నొక్కావు, ఎప్పుడు వదిలావు అన్నవే ఆ కబుర్లు.

ఆ ‘వదిలావు’ అన్న కబురు దారిలో పోతే ఏమవుతుందో నాకు ఒక పెళ్ళిలో తెలిసింది. చవగ్గా వస్తోందని, ఈ పెట్టె పనే చేసే, పేరూ ఊరూ లేని యూఎస్‌బీ మిడి కేబుల్ ఒకటి కొన్నాను. తాళి కట్టే వేళ సన్నాయి వారు మొదలుపెట్టారు, నేను వేళ్ళు తీసేశాను. నా ల్యాప్‌టాప్‌లో వయొలిన్ల స్వరం ఒకటి మాత్రం ఆగలేదు. సన్నాయి వారి శ్రుతికి, దానికి పొంతన లేదు. పురోహితుడు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. చివరికి స్పీకరు తీగ పీకి పారేశాను. నీకు అలాంటిది ఎదురైతే సాఫ్ట్‌వేర్‌లో ‘ప్యానిక్’ మీట ఉంటుంది, దాన్ని నొక్కు. అది ఎక్కడుందో ఈరోజే వెతికి పెట్టుకో.

తర్వాత ఆ కేబుల్ విప్పి చూస్తే లోపల ఆప్టోకప్లర్ లేదు. మిడి ఇన్ దగ్గర ఉండాల్సింది అదే. అందులో ఒక చిన్న దీపం వెలిగి ఆరుతుంటే, ఎదురుగా ఉన్న కన్ను చూసి కబురు అందుకుంటుంది. రెండు వైపుల విద్యుత్తూ కలవదు. స్వరాలు పోవడానికి నాసిరకం చిప్ కూడా కారణమై ఉంటుంది, కబుర్లు ఒక్కసారిగా ముంచెత్తితే అలాంటివి మింగేస్తాయి.

అందుకని కొనేటప్పుడు రెండే చూడు. డ్రైవరు అవసరం లేకుండా పనిచేసే ‘క్లాస్ కంప్లయంట్’ రకం కావాలి, ఫోనుకు తగిలించినా పలుకుతుంది. రెండోది, తిరిగి ఇచ్చే వీలున్న చోట కొను. ఇంటికి తెచ్చిన రోజే ఈ పరీక్ష చెయ్యి: ఎడమ చేత్తో పిచ్ బెండ్ చక్రాన్ని (స్వరాన్ని పైకీ కిందికీ జార్చేది) గబగబా ఊపుతూ, కుడి చేత్తో అయిదు మెట్లు నొక్కి వదులుతూ పది నిమిషాలు వాయించు. మనవాళ్ళు గమకాల కోసం ఆ చక్రాన్ని ఊపినంతగా ఇంకెవరూ ఊపరు. ఏ స్వరమైనా తగులుకుపోతే మర్నాడే వెనక్కి ఇచ్చెయ్యి.

గమకం అపశ్రుతిగా వస్తే మాత్రం పెట్టెను తిట్టకు. సాఫ్ట్‌వేర్‌లో బెండ్ సాధారణంగా రెండు మెట్లకే (నల్లవి కూడా లెక్కేసి) ఉంటుంది. మోహనలో గాంధారం నుంచి పంచమానికి జారాలంటే మూడు మెట్లు కావాలి. ఆ సెట్టింగు పెంచుకో.

ఇక మోగకపోతే. అన్నీ ఒకేసారి పీకి మళ్ళీ పెట్టడం నీ అలవాటు, మీ అమ్మ అలవాటు కూడా. అలా చేస్తే బాగయినా ఎందుకు బాగయిందో తెలియదు. కీబోర్డు దగ్గర మొదలుపెట్టి కబురు ఎంతవరకు వచ్చిందో చూసుకుంటూ రా. దాని అవుట్ నుంచి పెట్టె ఇన్‌లోకి వెళ్ళాలి. కొన్ని కేబుళ్ళ మీద రాతలు తికమకగా ఉంటాయి, పనిచేయకపోతే రెండూ మార్చి పెట్టు, ఏమీ కాలిపోదు. మెట్టు నొక్కితే పెట్టె దీపం మిణుకుమనాలి. కొన్ని కీబోర్డులు ఊరకే ఉన్నా ‘బతికే ఉన్నాను’ అని కబురు పంపుతూనే ఉంటాయి, ఆ మిణుకు చూసి మోసపోకు. దీపం సరిగ్గా ఉంటే విండోస్‌లో మిడి కబుర్లను తెర మీద చూపించే మిడి-ఆక్స్ అనే ప్రోగ్రామ్ తెరిచి నొక్కిన మెట్టు కనపడుతోందో లేదో చూడు. కనపడితే పెట్టె తప్పు లేదు, నీ సాఫ్ట్‌వేర్‌లో ట్రాక్ ఇన్‌పుటో, చానలో తప్పుగా ఉంది. అక్కడికి వెళ్ళే ముందు మిడి-ఆక్స్ మూసెయ్యి, ఒక ప్రోగ్రామ్ పట్టుకున్న పోర్టు రెండోదానికి కొన్నిసార్లు దొరకదు.

పాత టేప్‌రికార్డర్ కేబుల్ కూడా చూడటానికి అచ్చం మిడి కేబుల్‌లాగే ఉంటుంది. మిడికి కావలసినవి 4, 5 పిన్నులు. వాటికి లోపల తీగే లేని కేబుళ్ళతో నేను ఒక పూటంతా కుస్తీ పట్టాను.

ఒక్కో స్వరం రెండుసార్లు పలికితే కీబోర్డులో ‘లోకల్ కంట్రోల్’ ఆపు, అంటే మెట్టు నొక్కగానే కీబోర్డు తనంతట తాను పలకడం ఆపు. వేలు వేసిన కాసేపటికి పలికితే, అది మిడి పని కాకపోవచ్చు. ఒక స్వరం కబురు దాటడానికి పట్టేది దాదాపు ఒక మిల్లీసెకను. సాఫ్ట్‌వేర్‌లో ఆడియో బఫర్ చూడు, పలికించే ముందు శబ్దాన్ని కాస్త కూడబెట్టుకునే చోటు అది. సెకనుకు 44,100 శబ్దపు నమూనాల (శాంపిళ్ళ) దగ్గర బఫర్ 512 ఉంటే ఆ ఒక్కచోటే దాదాపు 12 మిల్లీసెకన్లు పోతాయి, 128 పెడితే మూడుకు దిగుతుంది. గుయ్యిమనే హమ్ వస్తుంటే ముందు ల్యాప్‌టాప్ చార్జరు తీసి విను.

దసరాకు వచ్చినప్పుడు నా దగ్గరున్న రెండు మిడి కేబుళ్ళు తెస్తాను. వాటిలో ఒకటి తెగింది. ఏదో గుర్తులేదు, నువ్వే కనిపెట్టు.

మీ మామయ్య