ఆ వాక్యాన్ని సగంలో ఆపకండి

మీ ప్రశ్న చదివి రెండు రోజులు ఊరుకున్నాను. "రోజూ ప్రార్థన చేస్తున్నాను, వాక్యం చదువుతున్నాను. అయినా మళ్ళీ మళ్ళీ అదే శోధనలో పడిపోతున్నాను. ఎవరికీ చెప్పుకోలేను. బైబిల్ వాక్యానికి నిజంగా మనిషిని ఆపే శక్తి ఉందా?" అని అడిగారు. మీది ఏ శోధనో, అంటే ఏ తప్పు వైపు లాగే కోరికో, రాయలేదు, రాయనక్కర్లేదు. నాది చెబుతాను. ఆన్‌లైన్ రమ్మీ.

మీ ప్రశ్నకు జవాబు: ఉంది. నన్ను ఆపింది. కాకపోతే నేను ఎదురుచూసిన పద్ధతిలో ఆపలేదు.

మాది ఒంగోలు. చీమకుర్తి వైపు ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. 2018లో మధ్యాహ్నం క్యారేజీ తిన్నాక పావుగంట ఫోన్‌లో పేకాట మొదలుపెట్టాను. యాభై, వంద, అంతే. మొదటి వారంలో 1,200 వచ్చాయి. ఆ డబ్బుతో పాపకి స్కూలు బూట్లు కొన్నాను, దేవుడే ఇచ్చాడని కృతజ్ఞత కూడా చెప్పాను. పద్నాలుగు నెలల తర్వాత కూర్చుని లెక్క వేస్తే పోయింది 2 లక్షల 70 వేలు. మా ఆవిడ గాజులు తాకట్టులో ఉన్నాయి. ఆమెకు తెలియదు.

ఆ పద్నాలుగు నెలలూ నేను ఒక్క ఆదివారం కూడా ఆరాధన మానలేదు. ప్రభురాత్రి భోజనం తీసుకున్నాను. డబ్బు పోయిన ప్రతి రాత్రీ మంచం పక్కన మోకరించి, ఇదే ఆఖరు ప్రభువా అని ఏడ్చాను. మీరు చెప్పిన స్థితి సరిగ్గా ఇదే కదా. అందుకే రాస్తున్నాను.

అప్పటికి ఆంధ్రాలో ఇంకా నిషేధం లేదు. తెలంగాణ 2017లోనే ఆపింది, మన దగ్గర 2020లో ఆపారు. ఆ మధ్య మూడేళ్ళలో ఎన్ని ఇళ్ళలో గాజులు పోయాయో దేవుడికే తెలుసు. క్రికెట్ మ్యాచ్ పెడితే ప్రకటన, వార్తలు పెడితే ప్రకటన. 2025లో కేంద్రమే చట్టం చేసి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలన్నీ నిషేధించింది. సంతోషం. కానీ చట్టం వచ్చిందని నాలాంటివాడి చేతి దురద పోదు. అది పోవాల్సిన చోటు వేరే ఉంది.

2019 ఆగస్టులో జరిగింది చెబుతాను. అప్పుడు మా సంఘానికి నేనే ట్రెజరర్‌ని. లెక్కల మనిషినని నమ్మి ఇచ్చారు. మందిరం స్లాబు కోసం పోగవుతున్న డబ్బు మా ఇంట్లో బీరువాలో, పాత బిస్కెట్ డబ్బాలో ఉండేది. ఆ రాత్రి రెండున్నర దాకా ఆడి, నా ఖాతాలో ఉన్న 9 వేలూ పోగొట్టుకున్నాను. ఇంకొక్క 40 వేలుంటే మొత్తం తిరిగి లాగేస్తానని గట్టిగా అనిపించింది. ఈ జబ్బు లేనివాళ్ళకు ఆ నమ్మకం ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. అనుమానమే రాదు. డబ్బా తీశాను. పొద్దున్నే వెనక్కి పెట్టేస్తాను, ఎవరికీ తెలియదు అనుకున్నాను.

లెక్క పెట్టకుండా డబ్బు ముట్టుకోవడం నాకు చేతకాదు. మంచం మీద పోసి లెక్కపెట్టాను. 46,500. బ్యాంకు దగ్గర నగదు వేసే మిషన్ నాణేలు తీసుకోదు, చిన్న నోట్లు తీసుకోదు. అందుకని ఐదొందలు, వందలు ఒక పక్క పెట్టి, పదులు, ఇరవైలు, చిల్లర ఇంకో పక్కకు తోశాను. చిన్న నోట్లలో రబ్బరు బ్యాండు వేసిన కట్ట ఒకటి ఉంది. దానికి కాగితం ముక్క. వంకర అక్షరాలతో "పిడికెడు బియ్యం. జూలై. 1,140" అని ఉంది. మా స్త్రీల సమాజం వాళ్ళు వంటకు బియ్యం పోసుకునే ముందు ఒక పిడికెడు తీసి పక్కన పెడతారు. ఆదివారం తెచ్చి మందిరంలో పోస్తారు, అవి అమ్మిన డబ్బు అది. ఆ ఆడవాళ్ళలో సగం మంది పొగాకు గ్రేడింగ్‌కి కూలికి వెళ్ళేవాళ్ళు. ఆ కాగితం చదివాను. చదివి కూడా పక్కన పెట్టి, పెద్ద నోట్లు 41 వేలు బట్టల షాపు కవర్లో వేసుకున్నాను. ఈ విషయం దాచను. ఆ కాగితం నన్ను ఆపలేదు.

చప్పుడు కాకుండా బండిని వీధి దాకా తోసుకెళ్ళి స్టార్ట్ చేశాను. అప్పుడు వచ్చింది వాక్యం. నేను తెచ్చుకోలేదు. నోరు దానంతటదే కదిలింది.

దీనికి కొంచెం వెనక్కి వెళ్ళాలి. నాకు తొమ్మిదేళ్ళప్పుడు వేసవిలో పిల్లల బైబిలు బడి, వీబీఎస్‌లో కంఠత వాక్యం పోటీ పెట్టారు. నాకు వచ్చింది మొదటి కొరింథీయులకు 10:13. పొడుగాటి వాక్యం. మా నాన్నమ్మకు చదువు రాదు, విని విని నేర్చుకుంది. అరుగు మీద చింతపండులో పిక్కలు తీస్తూ నా చేత చెప్పించేది. "మీరు సహింపగలిగినంతకంటె ఎక్కువగా ఆయన మిమ్మును శోధింపబడనియ్యడు" వరకు గడగడా చెప్పేవాణ్ణి. ఆ తర్వాత తడబడేవాణ్ణి. "శోధనతో కూడ తప్పించుకొను మార్గమును కలుగజేయును" అనే దగ్గర "తప్పించును" అని ముగించేసేవాణ్ణి. "మార్గం మింగేస్తున్నావురా, మళ్ళీ చెప్పు" అనేది. ఎన్నిసార్లు చెప్పించిందో. పోటీలో స్టీలు గ్లాసు వచ్చింది, ఇప్పటికీ ఇంట్లో ఉంది.

ఆ రాత్రి బండి మీద నా నోట్లోకి వచ్చింది ఆ చివరి ముక్కే. తప్పించుకొను మార్గము. పెద్దయ్యాక ఎప్పుడూ నేను ఆ వాక్యంలో మొదటి సగమే పట్టుకున్నాను. భరించలేనంత శోధన రానివ్వడు కాబట్టి ఏదో ఒకటి ఆయనే చేస్తాడు, నా చేతులు ఆయనే పట్టుకుంటాడు అని ఎదురుచూస్తూ కూర్చున్నాను. పద్నాలుగు నెలలు మార్గం మింగేశాను.

మా వీధి చివర రెండు దారులు. కుడికి తిరిగితే కర్నూలు రోడ్డు, బ్యాంకు మిషన్. ఎడమకు తిరిగితే మూడో ఇల్లు మా సంఘ పెద్ద మాస్టారిది. రిటైరైన హైస్కూలు టీచరు. రోజూ మూడింటికి లేచి ప్రార్థన చేస్తారని అందరికీ తెలుసు. మూలమలుపు నుంచి చూస్తే ఆ ఇంట్లో లైటు వెలుగుతోంది. నేను ఏ దర్శనమూ చూడలేదు, ఏ స్వరమూ వినలేదు. ఒక ట్యూబ్‌లైటు చూశాను. బండి ఎడమకు తిప్పాను.

తలుపు తీసి, "ఏం బాబూ, ఈ వేళప్పుడు?" అన్నారు.

"మాస్టారూ, ఇది స్లాబు డబ్బు. నా దగ్గర ఉంచకండి" అన్నాను. కవరు ఆయన చేతిలో పెట్టేటప్పుడు నా చేతులు వణికాయి.

ఆయన బోధ చేయలేదు. లోపలికి పిలిచి మంచినీళ్ళిచ్చారు. "నీవి ఎంత పోయాయి?" అని అడిగారు. చెప్పాను. బయటి మనిషికి ఆ అంకె చెప్పడం అదే మొదటిసారి. "మీ ఆవిడకు తెలుసా?" అన్నారు. తెలియదన్నాను. "ఆరింటికి నేనూ వస్తాను. ఇద్దరం కలిసి చెబుదాం" అన్నారు. ఆ తర్వాత ప్రార్థన చేశారు, రెండే రెండు నిమిషాలు. వచ్చారు కూడా, సరిగ్గా ఆరింటికి. మా ఆవిడ అరవలేదు. నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదో రోజు తాకట్టు రసీదు అడిగి తీసుకుని తన దగ్గర పెట్టుకుంది.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. యేసు ప్రభువు అరణ్యంలో నలభై రోజులు ఉపవాసమున్నాక అపవాది, అంటే సాతాను, మూడుసార్లు శోధిస్తే, మూడుసార్లూ "అని వ్రాయబడియున్నది" అన్న మాటతోనే ఎదుర్కొన్నాడు. మూడు జవాబులూ ద్వితీయోపదేశకాండంలోవే, 6, 8 అధ్యాయాల్లోవి. అక్కడ ఆయన చేతిలో గ్రంథం లేదు. ఆకలితో ఉన్న మనిషికి లోపల ఉన్నదే పైకొస్తుంది. శోధన వచ్చాక బైబిలు తెరిచి వెతుక్కుంటే అప్పటికే ఆలస్యమైపోయింది. "నా హృదయములో నీ వాక్యము ఉంచుకొని యున్నాను" అని కీర్తనకారుడు అన్నాడు గానీ ఫోన్‌లో ఉంచుకున్నానని అనలేదు. సండే స్కూళ్ళలో కంఠత వాక్యాలు మానేసి పిల్లల చేత స్క్రీన్ చూసి పాడిస్తున్నందుకు నాకు చాలా బాధగా ఉంది. పది వాక్యాలు నోటికి రాని పిల్లవాడు రేపు ఆ రాత్రి మూడింటికి ఏం తలచుకుంటాడు?

ఇంకో బాధ కూడా చెప్పనివ్వండి. వాట్సాప్ స్టేటస్‌లో, క్యాలెండర్ మీద వాక్యాన్ని మనకు కావలసినంత వరకే కోసి పెట్టుకుంటున్నాం. "నిన్నుగూర్చి తన దూతలకు ఆజ్ఞాపించును" అనేది 91వ కీర్తనలోది, ఎన్నో ఇళ్ళ గోడల మీద ఉంటుంది. యేసును శోధిస్తూ దేవాలయ శిఖరం మీద సాతాను చెప్పిన వాక్యం అదే. వాక్యం ఎత్తి చెప్పడం వాడికీ వచ్చు. నేను రమ్మీ ఆడిన ఫోన్‌లోనే పొద్దున్నే వాగ్దాన వాక్యం స్టేటస్ పెట్టేవాణ్ణి.

మా నాన్నమ్మ వాళ్ళ పెద్దల దగ్గర విన్న సంగతి ఒకటి చెప్పేది, తర్వాత పుస్తకాల్లోనూ చదివాను. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు పని, కూలి ఇప్పించారు. బాప్తిస్మం ఇవ్వండని జనం వేల మంది వచ్చినా కరువు సాయం నడిచినంతకాలం ఇవ్వలేదు. అన్నం కోసం దేవుణ్ణి ఒప్పుకున్నారనే మాట రాకూడదని ఆగారు. సాయం ఆగిపోయాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందరూ ఆ సంఖ్యే చెప్పుకుంటారు. నాకు అంతకుముందు ఆయన ఆగిన నెలలే గొప్పగా కనిపిస్తాయి. అరణ్యంలో ఆకలిగా ఉన్న యేసును అపవాది రాళ్ళను రొట్టెలు చేయమన్నాడే, అలాంటి శోధన అది. లెక్క పెంచుకునే అవకాశం వాకిట్లోకి వచ్చి నిలబడితే వద్దన్న మనిషి ఆయన. ఈ రోజుల్లో మీటింగులకు జనాన్ని పోగుచేసే తీరు చూసినప్పుడల్లా ఇది గుర్తొస్తుంది.

ఆ రాత్రితో నాకు అంతా అయిపోలేదు. లూకా 4:13 చూడండి, అపవాది "కొంతకాలము" ఆయనను విడిచిపోయెను అని ఉంటుంది. యేసునే కొంతకాలం విడిచినవాడు నన్ను పూర్తిగా వదులుతాడా? నలభై రోజుల తర్వాత మళ్ళీ 500 పెట్టాను, పోయాయి. ఆ సాయంత్రమే వెళ్ళి మాస్టారికి చెప్పాను. చెప్పాల్సి వస్తుందని తెలిసినందుకే ఆ తర్వాత ఆడలేకపోయాను. స్మార్ట్‌ఫోన్ తీసేసి ఏడాదిపాటు బటన్ ఫోన్ వాడాను. జీతం మా ఆవిడ ఖాతాలో పడేలా చేశాను. డబ్బా మాస్టారి ఇంటికి మారింది. అప్పు తీరడానికి రెండేళ్ళ ఎనిమిది నెలలు పట్టింది, గాజులు చివర్లో వచ్చాయి. ఇదంతా విశ్వాసం తక్కువైనవాళ్ళు చేసే పని అని ఒకాయన నాతో అన్నాడు. యోసేపు తనను పాపానికి లాగిన యజమాని పోతీఫరు భార్య దగ్గర నిలబడి ప్రార్థన చేయలేదండి, చేతికి చిక్కిన వస్త్రం వదిలేసి పరుగెత్తాడు. మా బంధువుల్లో ఒకాయనకు మందు మానడానికి ఆస్పత్రిలో చేరాల్సి వచ్చింది. అదీ ఒక మార్గమే. ప్రార్థన ఉండగా డాక్టరెందుకు అని అడ్డుపడ్డవాళ్ళ వల్ల ఆయనకు రెండేళ్ళు పాడయ్యాయి.

మీరు పడుతున్నది వాక్యం చాలక కాదని నా నమ్మకం. మీ ప్రశ్నలోనే ఉంది: "ఎవరికీ చెప్పుకోలేను." యాకోబు 5:16 మీరు చదివే ఉంటారు, "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అని ఉంటుంది. దేవునితో ఒప్పుకున్నాను చాలదా అని నేనూ పద్నాలుగు నెలలు అనుకున్నాను.

ఊరంతటికీ చెప్పక్కర్లేదు. సాక్ష్యం సమయంలో మైకు పట్టుకుని అసలు చెప్పకండి, కొన్నిచోట్ల అది పుకారైపోతుంది. నోరు జారని మనిషిని ఒక్కరిని చూసుకోండి. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక, బయట చెప్పులు వేసుకునేటప్పుడు ఆయన చెయ్యి పట్టుకుని "అన్నా, సాయంత్రం మీ ఇంటికి రావచ్చా" అని అడగండి. సాయంత్రం వెళ్ళండి. ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్ళండి.