కంప్యూటర్ ఫ్యాన్ల మోత తగ్గాలంటే ముందు బయాస్ సరిచెయ్యి

బెజవాడ,
మే మొదటి వారం

చిట్టితల్లీ,

నువ్వు పంపిన పాఠం ఆడియో రెండుసార్లు విన్నాను. గొంతు చక్కగా ఉంది, చెప్పే తీరూ బాగుంది. కానీ మాటకీ మాటకీ మధ్య నీ కంప్యూటర్ ఫ్యాన్ మోత ఒక్కసారిగా లేచి, మళ్లీ పడిపోతోంది. ఒకే తీరుగా వచ్చే హోరైతే ఎడిటింగ్‌లో చాలావరకు తీసేయొచ్చు. ఇలా లేస్తూ పడుతూ ఉండేదాన్ని తీయబోతే నీ గొంతు కూడా పాడవుతుంది. కాబట్టి నీకు కావలసింది నిదానంగా, ఒకే వేగంతో తిరిగే ఫ్యాన్. కొత్తవి కొంటానన్నావు, ఇప్పుడే కొనకు. ఉన్నవాటినే దారిలో పెట్టుకుందాం.

ముందు ప్లగ్గు పీకి, క్యాబినెట్ పక్క రేకు విప్పు. ఒక్కో ఫ్యాన్ వైరు కొసన ఉన్న కనెక్టరు చూడు. నాలుగు రంధ్రాలుంటే పీడబ్ల్యూఎం ఫ్యాన్, మూడే ఉంటే డీసీ ఫ్యాన్. నాలుగు పిన్నులదానికి 12 వోల్టులు ఎప్పుడూ అందుతూనే ఉంటాయి. ఎంత వేగంగా తిరగాలో నాలుగో వైరులో వచ్చే సిగ్నల్ చెబుతుంది. మూడు పిన్నులదాని వేగం తగ్గించాలంటే మాత్రం దానికి మదర్‌బోర్డు పంపే వోల్టేజీనే తగ్గించాలి. డీసీ ఫ్యాన్ తగిలించిన చోట బయాస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో) పీడబ్ల్యూఎం అని పెట్టి ఉంటే, నువ్వు ఏ సాఫ్ట్‌వేర్ వేసినా ఆ ఫ్యాన్ ఫుల్ స్పీడులోనే తిరుగుతుంది. "కంట్రోల్ అవడం లేదు" అంటూ షాపుకి తెచ్చిన మెషీన్లలో నేను మొదట చూసేది ఇదే.

నీ ముందువైపు ఫ్యాన్లు మూడూ స్ప్లిట్టర్ వైరుతో, అంటే ఒకటి మూడుగా చీలే వైరుతో, ఒకే హెడర్‌కి (బోర్డు మీద ఫ్యాన్ గుచ్చే చోటుకి) వెళ్తున్నాయి. స్ప్లిట్టర్ కొసల్లో ఒకదానికే నాలుగు పిన్నులుండి, మిగతావాటికి మూడే కనిపిస్తే విరిగిపోయాయని కంగారుపడకు. బోర్డు ఒక్క ఫ్యాన్ వేగాన్నే చదవగలదు కాబట్టి మిగతావాటికి ఆ పిన్ను కావాలనే తీసేస్తారు. ఫ్యాన్ మధ్యలో అతికించిన స్టిక్కర్ మీద ఎన్ని ఆంపియర్లో రాసి ఉంటుంది. మూడూ కలిపి చూడు. మామూలుగా ఒక హెడర్ ఒక ఆంపియర్ వరకే మోస్తుంది. అది దాటేలా ఉంటే ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు అందించే పెట్టె) నుంచి నేరుగా కరెంటు తీసుకునే ఫ్యాన్ హబ్ వాడాలి.

రేకు మూసి మెషీన్ ఆన్ చేశాక ఒక అగరుబత్తి వెలిగించి ముందు జాలీకి జానెడు దూరంలో పట్టుకో. పొగ లోపలికి పోవాలి. వెనకవైపు పట్టుకుంటే బయటికి చెదరాలి. ఒకవేళ ముందు కూడా బయటికే వస్తుంటే ఫ్యాన్ తిరగేసి బిగించారన్నమాట. ఇది సరిచేయకుండా సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లొద్దు.

ఇప్పుడు అసలు సంగతి. సాఫ్ట్‌వేర్ కంటే ముందు బయాస్‌లో సెట్ చెయ్యాలని నేను పట్టుబట్టడానికి కారణం ఉంది. కొన్నేళ్ల క్రితం ఒక ఫోటో స్టూడియో మెషీన్‌కి బయాస్‌లో ఫ్యాన్లన్నీ కనిష్ఠ వేగానికి కట్టేసి, మిగతాదంతా సాఫ్ట్‌వేర్ చూసుకుంటుందని వదిలేశాను. విండోస్ అప్‌డేట్ తర్వాత ఆ ప్రోగ్రామ్ తెరుచుకోలేదు, వాళ్లు గమనించలేదు. ప్రాసెసర్ వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంది. రెండు గంటల్లో అవ్వాల్సిన పెళ్లి వీడియో రెండర్ (ఎడిట్ చేసినదాన్ని చివరి వీడియోగా తయారుచేయడం) తెల్లారేదాకా సాగింది. పొద్దున్నే పెళ్లివారు వచ్చి కూర్చుంటే స్టూడియో ఆయన వాళ్లకి ఏం చెప్పాలో తెలియక నిలబడ్డాడు. ఆ తప్పు నాదే, ఇప్పటికీ బాధగా ఉంటుంది. పైగా మన దగ్గర కరెంటు పోయి వస్తుంటుంది. మెషీన్ తిరిగి ఆన్ అయ్యాక నువ్వు లాగిన్ అయ్యేవరకు ఆ సాఫ్ట్‌వేర్ పనిచెయ్యదు, ఫ్యాన్లు బయాస్ చేతిలోనే ఉంటాయి.

నీ బోర్డు గిగాబైట్ కాబట్టి బయాస్‌లో స్మార్ట్ ఫ్యాన్ అనే పేజీ ఉంటుంది. అక్కడ సీపీయూ (ప్రాసెసర్) ఫ్యాన్‌కి నార్మల్ పెట్టి సేవ్ చెయ్యి. మోత కాస్త ఎక్కువైనా పరవాలేదు, ఏ రోజైనా సాఫ్ట్‌వేర్ తెరుచుకోకపోతే అదే కాపాడుతుంది.

ఆ తర్వాత ఫ్యాన్ కంట్రోల్ అనే ప్రోగ్రామ్ దించుకో. రెమీ మెర్సియే అనే ఆయన రాసింది, ఉచితం. గిట్‌హబ్‌లో ఆయన పేజీ నుంచే తీసుకో, వేరే సైట్ల నుంచి వద్దు. 2025లో ఇలాంటి ప్రోగ్రాములు వాడే విన్‌రింగ్‌జీరో అనే పాత డ్రైవర్‌ని విండోస్ డిఫెండర్ ప్రమాదమని పట్టుకోవడం మొదలుపెట్టింది. చాలామంది డిఫెండర్‌నే ఆపేసుకున్నారు. నువ్వు ఆ పని చెయ్యకు. కొత్త వెర్షన్లు వేరే డ్రైవర్‌కి మారాయి, అదే వేసుకో. బోర్డు కంపెనీ ఫ్యాన్ సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉంటే తీసేయి. ఒకే ఫ్యాన్‌కి రెండు ప్రోగ్రాములు ఆజ్ఞలిస్తే అది ఎవరి మాటా వినదు.

మొదటిసారి తెరిచినప్పుడు అదే ఒక్కో ఫ్యాన్‌ని కదిపి ఏ కంట్రోల్ ఏ ఫ్యాన్‌దో కనిపెడుతుంది. వెంటనే "ముందువి", "వెనకది", "ప్రాసెసర్" అని పేర్లు మార్చేసుకో. నెల తర్వాత నంబర్లు చూసి పోల్చుకోలేవు.

కర్వ్ (ఎంత వేడికి ఫ్యాన్ ఎంత వేగంతో తిరగాలో చెప్పే గీత) గీసేటప్పుడు ఒకటి మనసులో పెట్టుకో. ఫ్యాన్ గదిలోని గాలినే లోపలికి తోస్తుంది, గదికన్నా చల్లగా దేన్నీ చెయ్యలేదు. డిసెంబరులో గది 25 డిగ్రీలున్నప్పుడు ప్రాసెసర్ 65 దగ్గర ఆగితే, గుంటూరు మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గది 40 ఉంటే అదే పనికి, అదే ఫ్యాన్ వేగానికి 80 దాకా వస్తుంది. అందుకే ఇప్పుడు, ఎండల్లోనే సెట్ చెయ్యడం మేలు. నీ రైజెన్ 5 5600 ప్రాసెసర్‌కి కంపెనీ చెప్పిన గరిష్ఠం 90 డిగ్రీలు. 60 డిగ్రీల వరకు ఫ్యాన్ వేగం 35 శాతం దగ్గర అడ్డంగా గీత గియ్యి, 75కి 65 శాతం, 85కి నూరు. వేసవిలో ఊరికే ఉన్నా 50 దాటుతుంది, ఆ మాత్రానికి ఫ్యాన్ ఉలిక్కిపడక్కర్లేదు.

నీ ఆడియోలో మోత ఎగిరిపడటానికి కారణం మాత్రం ఇది. బ్రౌజర్ తెరిచినా చాలు, రైజెన్ ఉష్ణోగ్రత ఒక్క క్షణంలో పది డిగ్రీలు ఎగిరి, మళ్లీ దిగుతుంది. ఫ్యాన్ దాని వెంట పరిగెడుతోంది. కర్వ్‌లో హిస్టరిసిస్ అని ఉంటుంది, ఉష్ణోగ్రత ఎన్ని డిగ్రీలు మారితే ఫ్యాన్ వేగం మారాలో చెప్పేది అది, దాన్ని 4 డిగ్రీలు చెయ్యి. రెస్పాన్స్ టైమ్ (స్పందించే ముందు ఆగే సమయం) వేగం పెరిగేటప్పుడు 3 సెకన్లు, తగ్గేటప్పుడు 8 సెకన్లు పెట్టు. ప్రాసెసర్ మీదున్న లోహపు దిమ్మె, హీట్‌సింక్‌కి ఆ కాస్త వేడి మింగే శక్తి ఉంది. ఈ రెండు సెట్టింగులతోనే నీ బాధ సగానికి పైగా తీరుతుందని నా నమ్మకం.

ముందు, వెనక ఫ్యాన్లకి ప్రాసెసర్ ఒక్కటే చూపిస్తే చాలదు. రెండర్ పెడితే గ్రాఫిక్స్ కార్డు కూడా వేడెక్కుతుంది. రెండింటికీ చెరో కర్వ్ గీసి, ఆ రెండింటినీ కలిపే మిక్స్‌లో మ్యాక్స్ ఎంచుకుంటే ఏది ఎక్కువ అడిగితే అది నడుస్తుంది. కార్డు మీదున్న సొంత ఫ్యాన్లని దాని మానాన వదిలెయ్. కేబినెట్ ఫ్యాన్ ఏదీ పూర్తిగా ఆగనివ్వకు. దుమ్ము పట్టిన ఫ్యాన్ ఒకసారి ఆగితే తక్కువ శాతంతో మళ్లీ కదలకపోవచ్చు. క్యాలిబ్రేట్ నొక్కితే ఎంత శాతం దగ్గర కదులుతుందో తెలుస్తుంది, దానికన్నా పైనే ఉంచు. బ్లోయర్‌తో దుమ్ము కొట్టేటప్పుడు రెక్కని వేలితో ఆపి పట్టుకో.

ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకి, ఎండ మంచి మీదున్నప్పుడు, ఒక రెండర్ పెట్టి ఇరవై నిమిషాలు వదిలెయ్. అయిదు నిమిషాలకే చూసి అయిపోయిందనుకోకు, క్యాబినెట్ లోపలి గాలి వేడెక్కడానికి టైమ్ పడుతుంది. ప్రాసెసర్, కార్డు ఎంత దాకా వెళ్లాయో, గది ఎంత ఉందో రాసి ఫోటో పంపు. 85 దాటితే నాకు ఫోన్ చెయ్యి, ప్రాసెసర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య రాసే థర్మల్ పేస్ట్ తీసుకుని నేనే వస్తాను. నాన్నని అడిగానని చెప్పు.

నీ బాబాయి