పాప పెదవులు నీలంగా ఉంటే ఫిల్టర్ సంగతి తర్వాత

ప్రశ్న: మా పాపకు నాలుగు నెలలు, డబ్బా పాలు పడుతున్నాం. బోరు నీటిలో నైట్రేట్ లీటరుకు 90 మిల్లీగ్రాములు ఉందని తేలింది. అప్పటి నుంచి 20 నిమిషాలు మరిగించి పాలపొడి కలుపుతున్నాం. రెండు రోజులుగా విరేచనాలు, పెదవులు కాస్త నీలంగా కనిపిస్తున్నాయి. చిగుళ్లకు జెల్ రాస్తున్నాం. యూవీ ఫిల్టర్ పెట్టిస్తే సరిపోతుందా?

సమాధానం: ముందు పాపను ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. రేపటికి వాయిదా వేయకండి. నీటి రిపోర్టు, ఆ జెల్ ట్యూబు రెండూ పట్టుకెళ్లి, మెథిమోగ్లోబిన్ (ఆక్సిజన్ మోయలేని హీమోగ్లోబిన్) పరీక్ష అవసరమేమో అడగండి. ఈ స్థితిలో పల్స్ ఆక్సిమీటర్ అంకెను నమ్మలేం. గుండె, ఊపిరితిత్తుల జబ్బుల్లోనూ పెదవులు నీలమవుతాయి కనుక, పాపను చూడకుండా కారణం ఇదేనని నేను చెప్పలేను.

నైట్రేట్ శరీరంలో నైట్రైట్‌గా మారి, హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని స్థితికి తెస్తుంది. దాన్ని సరిచేసే ఎంజైమ్ ఆరు నెలల్లోపు పిల్లల్లో తక్కువ. విరేచనాలు తోడైతే ముప్పు ఇంకా ఎక్కువ. మెథిమోగ్లోబిన్ పెరిగిందని తేలితే మిథిలిన్ బ్లూ ఇంజెక్షన్ ఉంది, కానీ జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్నవారికి అది ప్రమాదం. మీ ఇంట్లో ఎవరికైనా ఆ లోపం ఉంటే ముందే చెప్పండి.

ఆ జెల్ ఎవరు రాయమన్నారమ్మా? అందులో బెంజోకైన్ అనే తిమ్మిరి మందు ఉంటే అదొక్కటే ఇదే పరిస్థితి తేగలదు. రెండేళ్లలోపు పిల్లలకు దాన్ని అసలు వాడకూడదు. విరేచనాలు ఆపే మందులు కూడా సొంతంగా వేయకండి. ఓఆర్ఎస్ ఇవ్వమంటే ఆ బోరు నీటితో కలపొద్దు.

మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ నైట్రేట్ పోదు. లీటరు నీరు అర లీటరయ్యేదాకా మరిగితే 90 కాస్తా 180 అవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి 50. రిపోర్టులో 'నైట్రేట్' అని రాశారో, 'నైట్రేట్ నైట్రోజన్' (నైట్రేట్‌లోని నైట్రోజన్‌ను మాత్రమే లెక్కించినది) అని రాశారో చూడండి. రెండోదైతే పరిమితి 11 మాత్రమే, అప్పుడు మీ నీరు అనుకున్నదానికంటే నాలుగు రెట్లకు పైగా చెడ్డది.

యూవీ, క్లోరిన్, మామూలు కార్బన్ ఫిల్టర్ నైట్రేట్‌ను తీయవు. ఆర్ఓ తగ్గిస్తుంది, కానీ దానిలోని వడపోత పొర (మెంబ్రేన్) పాతబడితే ఆ పని సరిగా చేయదు. అందుకే ఫిల్టర్‌లోంచి వచ్చిన నీటినే పరీక్ష చేయించాలి. అంతవరకూ పాపకు నైట్రేట్ తక్కువని తేలిన వేరే నీరే వాడండి. తల్లిపాలు వస్తుంటే మానకండి, తల్లి తాగే నీటిలోని నైట్రేట్ పాలలోకి పెద్దగా చేరదు.

బోరు దగ్గర సెప్టిక్ ట్యాంకు, పశువుల పెంట, ఎరువు వేసే పొలం ఏదుందో చూడండి. నైట్రేట్ మట్టికి అంటుకోదు, వాననీటితో పాటే కిందికి దిగుతుంది. బోరు పైభాగంలో కేసింగ్ పగిలినా, చుట్టూ సిమెంటు గట్టు లేకపోయినా ఆ నీరు నేరుగా లోపలికి పోతుంది. వాటిని బాగు చేయించి, వానలు తగ్గాక మళ్లీ పరీక్ష చేయించండి.