ఇల్లు, షాపు, ట్రస్టు: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

బావ మూడు బాధ్యతలూ నీకే అప్పగించారని, నీకు కాస్త టెన్షన్‌గా ఉందని అక్క చెప్పింది. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను. నీ దగ్గర అద్దెకున్న డాక్టరు గారు, షాపులో పనివాళ్లు, ట్రస్టుకు విరాళాలిచ్చేవాళ్లు అందరూ మీ నాన్న మాట మీద నమ్మకంతో ఉన్నవాళ్లు. ఇప్పటి చట్టాల్లో మనం ఒక కాగితం ఆలస్యం చేస్తే ముందు నష్టపోయేది వాళ్లే. అది మనసులో పెట్టుకుని మిగతాది చదువు.

ఇంటి సంగతి తొందరగా చెప్పేస్తాను. నెల అద్దె 50 వేలు దాటితే అద్దెకున్న మామూలు వ్యక్తి టీడీఎస్ (అద్దెలోంచి ముందే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) కోయాలి. ఆ కోత 5 శాతం ఉండేది, 2024 అక్టోబరు 1 నుంచి 2 శాతం చేశారు. మనకొచ్చేది 40 వేలే కాబట్టి నీ వాటాకు ఆ గొడవ లేదు. కానీ బిల్డింగు సగం మీ తమ్ముడి పేరున ఉంది, వాడు ఉండేది డాలస్‌లో. ఎన్ఆర్ఐకి ఇచ్చే అద్దెకు ఆ 50 వేల హద్దు వర్తించదు. వాడి 20 వేల మీద డాక్టరు గారు సెస్సుతో కలిపి 31.2 శాతం కోసి కట్టాలి, అందుకు ట్యాన్ (పన్ను కోసి కట్టేవాళ్లకు ఇచ్చే) నంబరు తీసుకోవాలి. కోయకపోతే నోటీసు వచ్చేది ఆయనకే. ఇన్నాళ్లూ ఆ విషయం ఆయనకు ఎవరూ చెప్పలేదు. రేపే వెళ్లి నువ్వే చెప్పు. తక్కువ కోతకు సర్టిఫికెట్ కోసం తమ్ముణ్ణి ఆదాయపు పన్ను శాఖకు దరఖాస్తు చేసుకోమను.

షాపులో 11 మంది ఉన్నారు. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, 29 పాత కార్మిక చట్టాలు వాటిలో కలిశాయి. అన్నీ చదవక్కర్లేదు, మన షాపుకు తగిలేవి చూసుకో. ఒక్కొక్కరికీ నియామక పత్రం ఇవ్వాలి. ఇరవై ఏళ్లుగా ఉన్న మన పెద్ద గుమాస్తాకు ఈరోజుకీ తను ఇక్కడ పని చేస్తున్నట్టు ఒక్క కాగితం లేదు. కూతురి చదువుకు బ్యాంకు లోను అడిగితే ఉద్యోగం చూపించలేకపోయాడు. అందరికంటే ముందు ఆయనకే ఇవ్వు, చేరిన తేదీ సరిగ్గా వేసి ఇవ్వు.

జీతం లెక్క కూడా మారింది. మొత్తం జీతంలో కనీసం సగాన్ని వేతనంగా లెక్కపెట్టాలి. బేసిక్ తక్కువ చూపి మిగతాదంతా అలవెన్సుల కింద రాస్తే ఇక కుదరదు, గ్రాట్యుటీ, పీఎఫ్ లెక్కలు దాని మీదే నడుస్తాయి. ఎవరైనా మానేసినా, మనమే మాన్పించినా రెండు పనిదినాల్లో బాకీ మొత్తం తీర్చేయాలి. 'వచ్చే నెల రా' అనే పాత అలవాటు మానుకో. ఇన్నేళ్ల కాలానికి అని ఒప్పందం రాసి పెట్టుకున్నవాళ్లకు ఏడాది పని చేసినా గ్రాట్యుటీ వస్తుంది, వాళ్లకు ఐదేళ్ల షరతు లేదు.

ఇక ట్రస్టు. నాకు భయమంతా దీని గురించే. పిల్లల స్కాలర్‌షిప్పులు దీని మీదే ఆధారపడి ఉన్నాయి.

పూర్వం 12ఏ రిజిస్ట్రేషన్ (ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు ఇచ్చే నమోదు) ఒకసారి వస్తే మళ్లీ దాని మొహం చూసే పని ఉండేది కాదు. 2020 ఫైనాన్స్ చట్టంతో అది మారింది, అందరూ మళ్లీ నమోదు చేసుకోవాల్సి వచ్చింది. మనకు వచ్చిన ఐదేళ్లు 2026 మార్చి 31 వరకే. గడువుకు ఆరు నెలల ముందే అడగాలి కాబట్టి 2025 సెప్టెంబరులో దరఖాస్తు పెట్టాను. ఆర్డరు ఇంకా రాలేదు. అధికారి ఏవైనా ప్రశ్నలు వేస్తే ఆదాయపు పన్ను పోర్టల్‌లో నోటీసు పడుతుంది, మెయిల్ వెళ్లేది బావ పాత ఐడీకి. దాన్ని ఈ వారంలోనే మార్చు. జవాబివ్వక దరఖాస్తు కొట్టేస్తే ట్రస్టు ఆస్తి మీదే పన్ను పడే ప్రమాదం ఉంది.

2025 ఫైనాన్స్ చట్టంలో చిన్న ట్రస్టులకు ఒక మేలు చేశారు. ముందు రెండేళ్లలో ఏ ఏడాదీ ఆదాయం 5 కోట్లు దాటకపోతే రిజిస్ట్రేషన్ పదేళ్లకు ఇస్తారు. కానీ దాతలకు పన్ను మినహాయింపు ఇచ్చే 80జీ ఆమోదం మాత్రం ఐదేళ్లే. రెండు ఆర్డర్లకూ రెండు తేదీలు ఉంటాయన్నమాట. ఒకటి చూసి రెండోది కూడా ఉందనుకోవద్దు. పైగా 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు, దానిలో సెక్షన్ల నంబర్లన్నీ వేరు. రసీదు పుస్తకాలు మళ్లీ అచ్చు వేయించు.

నా వల్ల జరిగిన ఒక తప్పు చెబుతాను. స్కూలు వార్షికోత్సవం రోజు ఒక రిటైర్డ్ టీచరు గారు 5 వేలు నోట్లుగా ఇచ్చారు. సంతోషంగా తీసుకుని రసీదు రాశాను. 2 వేలు దాటిన నగదుకు 80జీ మినహాయింపు లేదని ఆ క్షణంలో నాకు గుర్తు రాలేదు. ఆమె రిటర్న్ వేసేటప్పుడు తెలిసింది. ఏమీ అనలేదు కానీ నాకు మనసు మనసులో లేదు. అప్పటి నుంచి వేదిక మీద కూడా 'యూపీఐ చేయండమ్మా' అని అడుగుతున్నాను. ప్యాన్ కూడా అప్పుడే రాయించుకో. దాతల వివరాలు ఏటా మే 31 లోపు అప్‌లోడ్ చేస్తేనే వాళ్లకు సర్టిఫికెట్ వస్తుంది. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయలు మనం కట్టాలి, మినహాయింపు మాత్రం వాళ్లకు పోతుంది.

చివరిగా మీ తమ్ముడు ట్రస్టుకు ఇస్తానంటున్న లక్ష రూపాయలు. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నన్నాళ్లూ వాడు డాలస్ నుంచి పంపినా అది విదేశీ విరాళం కాదు. పోయినేడాది అమెరికా పౌరసత్వం తీసుకున్నాడు కదా, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకిచ్చేది) ఉన్నా ఇప్పుడు వాడి డబ్బు ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కిందికి వస్తుంది. ఇక్కడి ఖాతాలోంచి రూపాయల్లో ఇచ్చినా అంతే. మనకు ఆ రిజిస్ట్రేషన్ లేదు. కావాలంటే మూడేళ్లలో కనీసం 15 లక్షలు సేవకు ఖర్చు చేసి ఉండాలి, ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ఖాతా తెరవాలి. బావ ఖాతాకు పంపించి బావ చేత ఇప్పించమని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. వాడు నొచ్చుకుంటాడు. 'నువ్వు పరాయివాడివి అయ్యావని కాదురా' అని నువ్వే నెమ్మదిగా చెప్పు, మెసేజ్ పెట్టకుండా ఫోన్ చేసి చెప్పు.

ఆదివారం వస్తున్నాను. ట్రస్టు పాత ఆర్డర్లు రెండూ, పోర్టల్ పాస్‌వర్డు, గుమాస్తాల హాజరు పుస్తకం తీసి ఉంచు. అక్కను పప్పుచారు చేయమని చెప్పు.

మీ మామయ్య