సైన్స్ ఫిక్షన్, సంగీతం, సాహిత్య చరిత్ర: రకరకాల పుస్తకాలు వెతుక్కోవడం ఎలా?

ఆన్‌లైన్ షాపులు మీరు కొన్న పుస్తకాల్లాంటివే మళ్లీ మళ్లీ చూపిస్తాయి. అందుకే సాహిత్య చరిత్రతో మొదలుపెట్టండి. ఆరుద్ర ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’లో తంజావూరు నాయకరాజుల భాగం తెరిస్తే పాటలతో నడిచే నాటకాలైన యక్షగానాలు ఎదురవుతాయి, అక్కడి నుంచి సంగీతానికి దారి దొరుకుతుంది. సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో తమిళనాట ఎట్టయపురంలో అచ్చయింది, అదీ తెలుగు లిపిలో! ఇందులో కర్ణాటక సంగీతకర్త ముత్తుస్వామి దీక్షితుల కృతులకు గమకాల (స్వరాన్ని కదిలించి పలికించే తీరుల) గుర్తులతో సహా స్వరాలున్నాయి. పాడటం రాకపోయినా అందులోని వాగ్గేయకారుల (పాట రాసి, బాణీ కూడా కట్టేవారి) చరిత్ర తప్పకుండా చదవండి. సైన్స్ ఫిక్షన్‌కైతే మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’ (1818) ఇంగ్లిష్‌లో ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే ఈ-పుస్తకాల వెబ్‌సైట్‌లో ఉచితం. పుస్తకాలను విషయాల వారీగా అమర్చే డ్యూయీ నంబర్లు వాడే లైబ్రరీలో 780 దగ్గర సంగీతం ఉంటుంది. వెతికిన పుస్తకం పక్కనున్నవి కూడా తిరగేయండి.