ఆ వాల్వ్ పీకి పారేయకురా

చిన్నోడా,

నీ ఆల్టోలో థర్మోస్టాట్, అదే ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవాన్ని) రేడియేటర్‌లోకి వదలని వాల్వ్, పోయిందనీ, "మన ఎండలకి అదెందుకు, పీకేద్దాం" అని మెకానిక్ అన్నాడనీ చెప్పావుగా. నా మారుతీ 800కి కూడా ఒకాయన ఇదే సలహా ఇచ్చాడు. తలూపాను. ఆఫీసు నాలుగు కిలోమీటర్లే, ఇంజిన్ వేడెక్కేలోపు చేరిపోయేవాణ్ణి. బండి పెట్రోలు తాగడం మొదలెట్టింది. ఓ డిసెంబరు పొద్దున ఆయిల్ మూత తిప్పి చూస్తే, లోపల మీగడ కట్టినట్టు తెల్లటి జిడ్డు! ఆయిల్లో చేరిన తేమ ఆవిరయ్యేంత వేడే ఇంజిన్‌కి రాలేదన్నమాట. బయట 45 డిగ్రీల ఎండ మనకి మంటేగానీ, 90 దగ్గర నడవాల్సిన ఇంజిన్‌కి అది చల్లదనమే.

అసలు పాడైంది అదేనా అన్నది ముందు తేల్చుకో. పొద్దున్నే చల్లటి బండి స్టార్ట్ చేసి రేడియేటర్‌కి పైభాగాన ఉండే హోస్ (రబ్బరు గొట్టం) పట్టుకుని చూడు, ఫ్యాన్‌కి చెయ్యి దూరంగా ఉంచి. కొన్ని నిమిషాలు చల్లగా ఉండి ఒక్కసారిగా కాలితే వాల్వ్ బాగున్నట్టే. మొదటి నిమిషం నుంచే మెల్లగా వెచ్చబడుతుంటే తెరుచుకుని ఇరుక్కుపోయినట్టు. నీ బండిలో ఇంజిన్ వేడి చూపించే ముల్లు పైకి లేవట్లేదన్నావు కాబట్టి నాకు అదే అనుమానం.

కొత్తది కొన్నాక బిగించే ముందు పరీక్ష చెయ్యి. మీ అమ్మ వాడని పాత గిన్నె అడిగి తీసుకో, వంట గిన్నె ముట్టుకున్నావో ఇద్దరికీ తిట్లే. వాల్వ్ అంచున దారం ఇరికించి నీళ్ళలో వేలాడదీసి వేడి చెయ్యి. లోపలి మైనం కరిగి ఉబ్బి స్ప్రింగును నెట్టగానే దారం జారి వాల్వ్ కింద పడుతుంది. అప్పుడు థర్మామీటర్ ఎంత చూపిస్తుందో, వాల్వ్ మీద చెక్కిన 82, 88 లాంటి డిగ్రీల అంకె ఎంతో పోల్చుకో. జ్వరం చూసే థర్మామీటర్ పెట్టకు, పగులుతుంది.

బండి పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తియ్యి. ఈ ఒక్కదాంట్లో మాత్రం తొందర వద్దు, వేడి నీళ్ళు ఎగజిమ్మితే మొహం కాలుతుంది. కూలెంట్ టబ్బులోకి వంపుకో. అది తియ్యగా ఉండే విషం, మీ వీధి కుక్కలకీ పిల్లలకీ అందకుండా చూడు. పై హోస్ ఇంజిన్‌ని కలిసేచోట రెండు బోల్టులు విప్పితే వాల్వ్ కనిపిస్తుంది. ఎటు తిరిగి ఉందో ఫోటో తీసుకో. స్ప్రింగు ఇంజిన్ వైపే ఉండాలి. నేనొకసారి తిరగేసి పెట్టి, బండి పొంగించి, నడిరోడ్డు మీద నిలబడ్డాను. అతుకు దగ్గర కారకుండా పెట్టే పాత గ్యాస్కెట్‌ని స్క్రూడ్రైవర్‌తో గీకకు, అల్యూమినియం మీద గాట్లు పడతాయి. బోల్టులు చెరికాస్త బిగించు. బలం చూపిస్తే మర పోతుంది.

బోరు నీళ్ళు పొయ్యకు, ఉప్పు పేరుకుపోతుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి నింపు. మూత తీసే ఉంచి, హీటర్ వేడి వైపు తిప్పి ఇంజిన్ నడపనీ. బుడగలు ఆగేదాకా కొంచెం కొంచెం పోస్తూ ఉండు, తర్వాత మూత పెట్టు. ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగాక ఇంజిన్ ఆపెయ్యి. మర్నాడు మట్టం కాస్త తగ్గి ఉంటే కంగారుపడకు, మళ్ళీ నింపు.

ముల్లు ఎక్కడ నిలబడిందో ఫోన్ చేసి చెప్పు.

మీ పెదనాన్న