చార్మినార్ రూపాయి కొనేముందు: మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. గుళ్లు, కోటలు, పాత కట్టడాలు ఉన్న నాణేలే దాచుకుంటానన్నావు, మంచి ఆలోచన. కనబడిన నాణెమల్లా కొంటే అది సేకరణ అవదు, గల్లాపెట్టె అవుతుంది. అయితే మొదటి అడుగే చార్మినార్ రూపాయితో, అదే చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం కాలపు వెండి రూపాయితో, వేస్తానన్నావే, అక్కడ కాస్త ఆగు. ముందు చిల్లరతో చెయ్యి తిరగనీ.

చిల్లరంటే చలామణీలోకి వచ్చిన స్మారక నాణేలు. తంజావూరు బృహదీశ్వరాలయానికి వెయ్యేళ్లు నిండినప్పుడు 2010లో 5 రూపాయల నాణెం వచ్చింది. పార్లమెంటు 60 ఏళ్లకు, వైష్ణోదేవి ఆలయ బోర్డుకు 2012 ఏడాదితో 5, 10 రూపాయలవి వచ్చాయి. మన ఊళ్లలో 10 రూపాయల నాణెం చెల్లదని కిరాణా కొట్టువాళ్లు తిప్పి ఇచ్చేస్తుంటారు కదా, అదే నీకు కలిసొచ్చే సంగతి. 14 రకాల డిజైన్లూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే చెప్పింది. ఎవరి డబ్బాలోనో మూలిగే 10 రూపాయల నాణేలను నోట్లిచ్చి తీసుకుని, తీరిగ్గా ఏరుకో.

ఏరేటప్పుడు బొమ్మతో ఆగకుండా ఏడాది కిందికి కూడా చూడు. అక్కడ నక్షత్రం ఉంటే హైదరాబాద్ మింట్ (నాణేలు ముద్రించే టంకశాల), డైమండ్ ఉంటే ముంబయి, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. ఒకే డిజైను వేర్వేరు మింట్ల గుర్తులతో దొరకవచ్చు. మన హైదరాబాద్ మింటు 1803లో నిజాం కాలంలో మొదలై, 1903లో సైఫాబాద్‌కు, 1997లో చర్లపల్లికి మారింది. సైఫాబాద్ పాత భవనంలో 2022 నుంచి మ్యూజియం నడుస్తోంది. హైదరాబాద్ వెళ్లినప్పుడు చార్మినార్ కన్నా ముందు అది చూడు, చార్మినార్ ఎక్కడికీ పోదు.

రెండో మెట్టు, మింటు నేరుగా అమ్మే వెండి నాణేలు. వీటిని చలామణీకి విడుదల చెయ్యరు. 2023 మే 28న కొత్త పార్లమెంటు భవనంతో వచ్చిన 75 రూపాయల నాణెమే తీసుకో. 44 మిల్లీమీటర్ల వెడల్పు, 35 గ్రాముల బరువు, అంచున 200 పళ్లు. అందులో వెండి 50 శాతం, రాగి 40, నికెల్ 5, జింకు 5. అంటే అసలు వెండి 17.5 గ్రాములే. బృహదీశ్వరాలయం వెయ్యి రూపాయల నాణెం కూడా అదే బరువు, అదే వెడల్పు. కానీ అందులో వెండి 80 శాతం, అంటే 28 గ్రాములు. ఏ నాణేనికైనా ముందు ఈ లెక్క కట్టి, ఆనాటి వెండి ధరతో గుణించు. వచ్చిన మొత్తానికీ అడుగుతున్న ధరకూ మధ్య తేడా నీ సరదా ఖరీదు. అది నీకు సమ్మతమైతేనే కొను. బంగారం కొన్నట్టు రేపు పెరుగుతుందని మాత్రం కొనకు. ఎన్టీఆర్ శతజయంతి 100 రూపాయల నాణెం మన హైదరాబాద్ మింటుదే. కట్టడం కాదు కాబట్టి నీ వరసలోకి రాదు, అయినా ఇంట్లో ఉండాలనిపిస్తే నేను కాదనను.

మింటువాళ్లు ఒకే నాణేన్ని ప్రూఫ్ అని, యూఎన్‌సీ (చేతులు మారని మామూలు ముద్ర) అని రెండు రకాలుగా ఇస్తారు. ప్రూఫ్‌లో ఖాళీ జాగా అద్దంలా, బొమ్మ మంచు పట్టినట్టు ఉంటుంది. చూడ్డానికి అదే బాగుంటుంది, పాడయ్యేదీ అదే ముందు. ఆ అద్దం మీద ఒక్క వేలిముద్ర పడితే నెలల్లో గోధుమరంగు మరకగా తేలుతుంది, ఇక పోదు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు యూఎన్‌సీ చాలు. ముఖవిలువ లేకుండా మింటు అమ్మే రంగుల జ్ఞాపికలూ (2024లో అయోధ్య రామాలయానిది అలాంటిదే), తిరుమలలో దేవస్థానం అమ్మే శ్రీవారి డాలర్లూ చట్టం దృష్టిలో నాణేలు కావు, పతకాలు. దాచుకోవడంలో తప్పేం లేదు, వేరే పెట్టెలో పెట్టు.

ఇప్పుడు నీ చార్మినార్ రూపాయి. నువ్వు పంపిన ఫొటోలో చార్మినార్ ద్వారం మసకగా ఉంది, ఎవరి కాలానిదో చెప్పలేను. భూతద్దంతో మధ్య ద్వారంలోకి చూడు, చిన్న ఉర్దూ అక్షరం ఒకటి ఉంటుంది. అది 'మీమ్' (م) అయితే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలానిది, 'ఐన్' (ع) అయితే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలానిది. ఉస్మాన్ అలీ తొలి నాణేల్లో ఐన్ అరకొరగా, తర్వాతవాటిలో పూర్తిగా కనిపిస్తుంది. సేకరించేవాళ్లు ఆ రెంటినీ రెండు రకాలుగా లెక్కిస్తారు.

దాని మీద తేదీ హిజ్రీది (ముస్లిం పంచాంగం), అంకెలు ఉర్దూవి. చుక్క పెడితే సున్నా. తిరగేసిన గుండె బొమ్మలా ఉంటే 5. లోయలా ఉంటే 7, అదే బోర్లిస్తే 8. చదివిన సంఖ్యను 0.97తో గుణించి 622 కలుపు. 1337 ఉందనుకో, 1297కి 622 కలిపితే 1919, అంటే 1918-19 నాటిది. ఇది హాలీ సిక్కా, అంటే నిజాం రాజ్యం సొంత రూపాయి. బ్రిటిష్ ఇండియా కల్దార్ రూపాయలు 100 కావాలంటే 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైలు (అణాకు 12 పైలు) ఇవ్వాల్సి వచ్చేది, అంటే ఆరు కల్దార్‌కి ఏడు హాలీ.

బరువు 11.18 గ్రాములు ఉండాలి, వెండి 81.8 శాతం. అరిగినదైతే ఒకటి రెండు పదోవంతులు తగ్గొచ్చు. 10.8 కన్నా తక్కువ తూగితే అనుమానించు. వంటింటి తూకం పనికిరాదు, 0.01 గ్రాము చూపించేది కావాలి. తూకం మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చెయ్యి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, అడుగుకూ పక్కలకూ తగలకుండా పూర్తిగా నీళ్లలోకి దించు. తూకం 1.10 చూపిస్తే లోహం సరైనదే. 1.3 చూపిస్తే వెండి పూత వేసిన ఇత్తడి లాంటిదే. 1.16 దగ్గర ఆగితే కంగారు పడకు, తేదీ చూడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, హిజ్రీ 1360ల నాటివాటిలో వెండి 50 శాతానికి తగ్గించారు. ఈ పరీక్ష అరిగిన పాత రూపాయిలకే. ప్రూఫ్ నాణేన్ని నీళ్లలో ముంచావంటే నా దగ్గరకు రాకు.

అన్నిటికన్నా ముఖ్యం అంచు. ఈ రూపాయిల్లో చాలావాటికి కొక్కెం అతికించి మెళ్లో వేసుకున్నారు. తర్వాత ఆ కొక్కెం తీసేసి, టాకా వేసిన చోట ఆకురాయితో రాసి అమ్ముతారు. నాణేన్ని గుండ్రంగా తిప్పుతూ దీపం వెలుగులో చూడు. సాధారణంగా పైన, మినార్ల తల దగ్గర, అంచు పళ్లు మాసిపోయి నున్నగా ఉంటాయి, రంగు కూడా కాస్త తేడాగా ఉంటుంది. అమ్మేవాడు బొమ్మా బొరుసూ ఫొటోలు పంపి అంచు ఫొటో అడిగితే నసిగాడంటే కారణం ఇదే. చుట్టూ సన్నని గీతలాంటి అతుకు కనిపిస్తే అది అచ్చులో పోత పోసింది, ముద్రించింది కాదు.

కొన్నాక తోమకు. ఇది నీకు రెండుసార్లు చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో వెండి కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. విభూతి, చింతపండు, టూత్‌పేస్టు, కుంకుడు రసం, ఏదీ వద్దు. పూజ గిన్నె తోమితే మెరుస్తుంది. నాణేన్ని తోమితే పైపొర గీరుకుపోతుంది, వెలుగులో వంచితే వేల సన్నగీతలు ఒకే దిక్కుకి కనిపిస్తాయి. నల్లబడడం వెండి గుణం. ఆ నలుపు కింద నాణెం భద్రంగా ఉంటుంది, గీతల కింద ఉండదు.

ఒక్క చోట మాత్రం కడగాలి. మెత్తని పీవీసీ కవర్లలో (కొత్త రెయిన్‌కోటు వాసన వస్తే అదే) ఏళ్లు గడిపిన నాణెం మీద పచ్చని జిగురు పొర పడుతుంది. గాజు గిన్నెలో శుద్ధమైన ఎసిటోన్ పోసి పది నిమిషాలు ఉంచు. తీసి ఇంకో గిన్నెలో కొత్త ఎసిటోన్‌లో ముంచి, గుడ్డ మీద వాలిస్తే అదే ఆరుతుంది. రుద్దకు. గోళ్ల రంగు తీసే సీసా వద్దు, అందులో నూనె, రంగు కలుస్తాయి. పొయ్యి దగ్గర అసలే వద్దు, భగ్గుమంటుంది. రంగుల జ్ఞాపికకు ఇది పొరపాటున కూడా తాకించకు, రంగు లేచిపోతుంది.

విశాఖ గాలిలో ఉప్పు, తేమ రెండూ ఎక్కువ కాబట్టి భద్రం చేసే తీరు ఇంకాస్త గట్టిగా ఉండాలి. 44 మిల్లీమీటర్ల వెండి నాణేలకు అదే కొలత గట్టి క్యాప్సూల్, 10 రూపాయలవాటికి 27 మిల్లీమీటర్లది. చిన్నవాటికి మైలార్ (పారదర్శకమైన ప్లాస్టిక్ పొర) కిటికీ ఉన్న అట్ట చాలు. స్టేపుల్ పిన్ను కొట్టాక కాళ్లు పట్టకారతో అణచు, లేకపోతే పక్క నాణేన్ని గీరేస్తాయి. ఇనుప బీరువా మంచిది, కొత్త చెక్క సొరుగు కాదు. రబ్బరుబ్యాండు, కలరా ఉండలు, ఉన్ని గుడ్డలు దగ్గర పెట్టకు. రబ్బరులోని గంధకం ఒక్క వానాకాలంలో వెండిని నల్లగా చేస్తుంది. సిలికా జెల్ పొట్లాలు తొలకరికి ముందు మార్చు. పట్టుకునేది ఎప్పుడూ అంచుతోనే, కింద తువ్వాలు పరిచి. నాణెం మీదకి వంగి మాట్లాడకు. తుంపర పడిన చోట కొన్నాళ్లకు నల్ల చుక్క లేస్తుంది, అందరూ మింటును తిడతారు.

మోసాల సంగతి. వైష్ణోదేవి బొమ్మ ఉన్న నాణేనికి లక్షలు వస్తాయని వచ్చే మెసేజీలు నమ్మకు. అడ్వాన్సుగా ఫీజు కట్టమంటారు, అంతే సంగతి. అలాంటి లావాదేవీల్లో తనకు ప్రమేయం లేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటించింది కూడా. అలాగే 1818 అని తేదీ వేసి, రామపట్టాభిషేకం బొమ్మతో 'ఈస్టిండియా కంపెనీ అణా' అని గుళ్ల దగ్గర అమ్మేవి కంపెనీ ముద్రించినవి కావు. పూజలో పెట్టుకుంటే పెట్టుకో, నాణెమని కొనకు.

చట్టం మాట ఒకటి. వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు, అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. అమెరికాలో ఉన్న అన్నయ్యకు చార్మినార్ రూపాయి కానుకగా పంపుతానన్నావు కదా, తేదీ చూసి మానుకో. వాడికి పార్లమెంటు నాణెం పంపు.

ఒక నోటుపుస్తకం పెట్టు. కొన్న తేదీ, ధర, ఎవరి దగ్గర, బరువు, మింటు గుర్తు రాయి. బిల్లు, మింటు ఇచ్చిన పెట్టె, సర్టిఫికెట్టు పారెయ్యకు. తర్వాత అమ్మాలన్నా, నీ పిల్లలకు చెప్పాలన్నా అవే ఆధారం.

ఆ రూపాయికి అడ్వాన్సు ఇంకా ఇవ్వకు. తూకం వేయించి, ద్వారం దగ్గరగా ఒకటి, అంచు చుట్టూ నాలుగు ఫొటోలు పంపమను. అవి చూశాక ధర మాట్లాడదాం.

మావయ్య